అప్‌డేట్: చలిలో నడిస్తే నాన్నకు ఛాతీ బిగబట్టడం – కారణం తేలింది

ఆదిలాబాద్‌లో తెల్లవారుజామున వాకింగ్‌కి వెళ్తే మా నాన్నకు ఛాతీ బిగబట్టి, ఎడమ దవడ లాగుతోందని, కాసేపు నిలబడితే తగ్గిపోతోందని సంక్రాంతి ముందు ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. "గ్యాస్ అని వదిలేయకండి, గుండె డాక్టర్‌కి చూపించండి" అన్నవాళ్ల మాటే నిజమైంది.

మామూలు ఈసీజీలో ఏమీ తేలలేదు. ట్రెడ్‌మిల్ టెస్ట్ (నడిపిస్తూ ఈసీజీ తీసేది) మాత్రం మధ్యలోనే ఆపేశారు. యాంజియోగ్రామ్ చేస్తే గుండె ముందుభాగానికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం 80 శాతానికి పైగా మూసుకుపోయి ఉంది. స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేశారు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుందట, గుండెకు పని ఎక్కువవుతుందట. అసలే సన్నబడ్డ నాళం అంత రక్తం అందించలేదు. మధ్యాహ్నం అంతే దూరం నడిచినా ఏమీ కాకపోవడం అందుకే.

గ్యాస్ మాత్రలు, వాము నీళ్లు, మెడ ఎక్స్‌రే: వేటికీ దీంతో సంబంధం లేదు.

ఇవే లక్షణాలతో వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు ఒక్కమాట. నడక ఆపాక కూడా నొప్పి తగ్గకపోతే, లేదా చెమటలు పడితే, పొద్దున ఓపీ తెరిచేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

నాన్న ఇప్పుడు ఎండెక్కాకే నడుస్తున్నారు. మంకీ క్యాప్ పెట్టుకోమంటే మాత్రం ఇంకా గొడవే.