ఎలెన్ టెర్రీ పాత ఫొటో: ఏ ఏడాదిదో ఎలా తెలుస్తుంది?

లండన్_లలిత:
నమస్తే అండీ. ఇక్కడ పాత సామాన్ల సంతలో మందపాటి అట్టకు అతికించిన ఫొటో ఒకటి కొన్నాను. షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ నాటకంలోని లేడీ మాక్‌బెత్ వేషంలో ఇంగ్లీషు నటి ఎలెన్ టెర్రీ, మోకాళ్ల దాకా రెండు జడలు. కింద ‘విండో అండ్ గ్రోవ్, 63ఏ, బేకర్ స్ట్రీట్’ అని స్టూడియో పేరు ఉంది. లైసియం థియేటర్లో ఆ నాటకం 1888 డిసెంబరు 29న మొదలైందట. ఫొటో కూడా అప్పటిదే అనుకోవచ్చా? స్టేజీ మీద తీసిందేనా? మావారేమో ఇది ఈమధ్య అచ్చేసిందే అంటున్నారు.

అట్టఫొటోల_పిచ్చోడు:
ముందు మీవారి అనుమానం తీర్చేద్దాం లలిత గారూ. పదిరెట్లు చూపించే భూతద్దం పెట్టి ముఖం మీద చూడండి. వరుసగా చుక్కలు కనిపిస్తే ప్రెస్సులో అచ్చేసింది. చుక్కలు లేకుండా, కాగితం పీచు కనిపిస్తూ, తెల్లటి చోట్ల పసుపు తిరిగి ఉంటే గుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితం కావచ్చు. అట్ట సుమారు నాలుగుంబావు అంగుళాల వెడల్పు, ఆరున్నర పొడవు ఉంటే కేబినెట్ కార్డు, అంటే అప్పట్లో స్టూడియోలు అట్టకు అతికించి అమ్మిన ఫొటో.

స్టేజీ మీదది మాత్రం కాదు. లైసియం నడిపిన నటుడు హెన్రీ ఇర్వింగ్ అక్కడ పట్టుబట్టి గ్యాస్ దీపాలే వాడేవాడు. ఆ వెలుతురులో అప్పటి కెమెరాలకు ఇంత స్పష్టంగా పడదు. నటులే ఆ దుస్తులతో స్టూడియోకి వెళ్లేవారు. కాబట్టి ఆ నిలుచున్న తీరు చూసి ‘నాటకంలో ఇలాగే చేసింది’ అనకండి, కలెక్టర్లు కూడా తరచుగా అదే అంటారు!

ఇక ఏడాది. ఫొటో తీసింది ఎప్పుడు, మీ చేతిలోని ప్రింటు వేసింది ఎప్పుడు అన్నవి వేర్వేరు ప్రశ్నలు. స్టూడియోలు గాజు నెగటివ్‌లు దాచుకుని, అడిగేవాళ్లు ఉన్నన్నాళ్లు కాపీలు అమ్మేవి. నేనైతే ‘1888 చివరిది లేదా ఆ తర్వాతది’ అని రాసుకుంటాను.

హార్మోనియం_రావు:
ఇలా నటుల ఫొటోలు అమ్మే వ్యాపారం కూడా చిన్నది కాదండీ. న్యూయార్క్‌లో నెపోలియన్ సరోనీ అనే ఫొటోగ్రాఫర్, ఫ్రెంచి నటి సారా బెర్న్‌హార్ట్ ఫొటోల కోసం ఆమెకే 1,500 డాలర్లు ఇచ్చాడంటారు. అతను తీసిన రచయిత ఆస్కార్ వైల్డ్ ఫొటోని బొమ్మలు అచ్చేసే ఒక లిథోగ్రాఫ్ కంపెనీ అచ్చేసుకుంటే, కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1884లో సరోనీయే గెలిచాడు. ఫొటోకి కూడా కాపీరైట్ ఉంటుందని అలా తేలింది.

లండన్_లలిత:
చుక్కలు లేవు, సైజూ సరిపోయింది! కానీ గౌను మీద అక్కడక్కడా మెరుపు మచ్చల్లా ఉన్నాయి. పాడైపోయిందా?

అట్టఫొటోల_పిచ్చోడు:
అవి మచ్చలు కాకపోవచ్చు, జీరంగి రెక్కలు! ఆ గౌను నిండా అవే కుట్టారు. గోధుమరంగు ఫొటోలో ఆ రెక్కల పచ్చదనం ఎలా తెలుస్తుంది? గౌను ఇప్పటికీ కెంట్‌లో, టెర్రీ నివసించిన స్మాల్‌హైత్ ప్లేస్ అనే ఇంట్లో ఉంది, చూసి రండి. అట్ట వెనక పెన్సిల్ రాతలుంటే చెరపకండి. ప్లాస్టిక్ కవర్లో పెట్టాలనుకుంటే పీవీసీది మాత్రం వద్దు.