ఆకుకోత చీమలు: ఫంగస్ తోట గోధుమరంగుకి తిరిగి కుంగిపోతోంది

ప్రశ్న (లైప్‌జిగ్_చీమలు):
జర్మనీలో ఉంటాను. అక్రోమిర్మెక్స్ ఆక్టోస్పైనోసస్ (ఆకులు కోసి నమిలి, ఆ ముద్ద మీద ఫంగస్ తోట పెంచుకుని తినే చీమలు), ఒక రాణి, సుమారు 400 కూలి చీమలు. కమలాపండంత ఉన్న తోట మూడు వారాల్లో నిమ్మకాయంత అయింది. పైన బూడిదరంగు పోయి గోధుమరంగుగా, చెమ్మగా మారింది. చీమలు ముక్కలు పీకి చెత్త పెట్టెలో పారేస్తున్నాయి. 20 సెం.మీ. అక్రిలిక్ పెట్టె, అడుగున హీట్ మ్యాట్, లోపల 28 డిగ్రీలు, తేమ మీటరు 99 చూపిస్తోంది, మూత నిండా నీటిబొట్లు. చలికాలం కదా, ఆకులు దొరక్క నెల నుంచి పూలకొట్టు గులాబీ రేకులు వేస్తున్నాను. రాణి బాగానే ఉంది. తోట నిలుస్తుందా?

జవాబు (పుట్టమన్ను):
ముందు ఆ గులాబీలు ఆపండి. అమ్మకానికి పెంచే పూలకు బూజు మందు కొడతారు. అది చీమని ఏమీ చేయదు, చీమ పెంచే ఫంగస్‌ని చంపుతుంది. పైగా ఈ దెబ్బ వెంటనే కనపడదు. మొదటిరోజు చీమలు రేకుల్ని హాయిగా కోసి లోపలికి మోసుకెళ్తాయి. ఫంగస్ దెబ్బతినడం మొదలయ్యాక అవే చీమలు ఆ రకం ఆకుని ముట్టవు, వారాల తరబడి గుర్తుపెట్టుకుని మరీ వదిలేస్తాయి. అందుకే “తీసుకున్నాయి కాబట్టి మంచిదే” అనుకోవడానికి లేదు.

మీ దగ్గర అడవి అంచున బ్లాక్‌బెర్రీ పొదలు వెతకండి, మంచులో కూడా కింది ఆకులు పచ్చగానే ఉంటాయి. కంచెకి వేసే లిగుస్టర్ ఆకు కూడా పనికొస్తుంది. రోడ్డు పక్కవి, పొలం గట్టువి వద్దు. కడిగి, తడి ఆరాక రోజుకి మూడు నాలుగు ఆకులు చాలు, తెల్లారేసరికి మిగిలింది తీసేయండి. ఆకు దొరకని రోజున చిటికెడు ఓట్స్ రేకులు, పల్చటి ఆపిల్ ముక్క. ఎక్కువ వేస్తే వాటికే వేరే బూజు పడుతుంది.

జవాబు (తేమగది):
మందు ఒక కారణం, నీళ్ళు రెండోది. అడుగున మ్యాట్ పెడితే కింది నీరు ఆవిరై, చల్లటి మూతకి తగిలి, బొట్లుగా సరాసరి తోట మీద పడుతుంది. తడిసినచోట గాలి ఆడక ఫంగస్ కుళ్ళుతుంది. మ్యాట్ తీసి పెట్టెకి ఒక పక్క గోడకి, బయటివైపు అంటించండి, థర్మోస్టాట్ 25 దగ్గర పెట్టండి. ఒక్కసారి దించకండి, రోజుకి ఒక డిగ్రీ చొప్పున. మూత మీద థర్మోకోల్ ముక్క కప్పితే అది చల్లబడదు, బొట్లు కట్టవు. అడుగున 2 సెం.మీ. మందాన మట్టి గోలీలు పోసి నీళ్ళు సగం వరకే ఉంచండి. తోట బోర్లించిన చిన్న గిన్నె మీద ఉండాలి, నీటికి తగలకూడదు. గాలికి రెండు చిన్న రంధ్రాలు, వాటికి స్టీలు జాలీ. నైలాన్ జాలీని కొరికేస్తాయి.

ఆ 99 అంకెని నమ్మకండి, అంత తేమలో చవక మీటర్లన్నీ తప్పే చెప్తాయి. పెట్టె మూలల్లో పల్చగా ఆవిరి పట్టి ఉంటే సరిపోయినట్టు. బొట్లు జారుతుంటే ఎక్కువ, తోట అంచులు ఎండి పెళుసుగా ఉంటే తక్కువ.

లైప్‌జిగ్_చీమలు:
కుళ్ళిన భాగాన్ని చెంచాతో తీసేయనా? చీమల ఒంటి మీద తెల్లటి పొడి కూడా ఉంది, అది రోగమా?

జవాబు (పుట్టమన్ను):
తీయకండి. ఏది చచ్చిందో ఏది బతికుందో చీమలకే తెలుసు, చెంచా పెడితే బతికున్న పోగులూ తెగుతాయి. ఆ తెల్లపొడి రోగం కాదు, వాటి మందు. సూడోనోకార్డియా అనే బ్యాక్టీరియా, ఫంగస్‌ని తినేసే ఎస్కోవోప్సిస్ బూజుని అడ్డుకుంటుంది. ఎస్కోవోప్సిస్ పడితే తోట మీద మొదట దూదిలా తెల్లగా లేచి, తర్వాత గోధుమరంగు పొడి అవుతుంది. మీది చెమ్మగా కుంగుతోందంటున్నారు కాబట్టి అది కాదనే నా అంచనా.

చెత్త పెట్టె వారానికి రెండుసార్లు ఖాళీ చేసి, ఆ చెత్తని రెండు రోజులు ఫ్రీజర్లో ఉంచి పారేయండి. అందుకు వాడే పట్టకారు తోట వైపు రాకూడదు. ఇంకా కుంగిపోతే అదే జాతి కాలనీ నుంచి పెద్ద ఉసిరికాయంత ఫంగస్, చీమలు లేకుండా, తెచ్చి పక్కన పెట్టొచ్చు. రకం కలవకపోతే పీకి పారేస్తాయి, అందుకే ఒకేచోట కొన్న కాలనీదైతే మేలు. ఆలస్యం మాత్రం వద్దు, లార్వాలకి ఫంగస్ తప్ప వేరే తిండి లేదు.

కోలుకుంటోందో లేదో భూతద్దంతో పైభాగం చూడండి. నమిలిన ఆకు ముద్ద ముదురాకుపచ్చగా, ఆవగింజంత ఉంటుంది. చిన్న కూలీలు పాత తోటలోంచి తెల్ల పోగులు పీకి, నారు వేసినట్టు దాని మీద నాటుతాయి. రెండు మూడు రోజుల్లో ఆ ముద్దల మీద తెల్లటి నూగు పాకితే తోట నిలిచినట్టే.

వరంగల్_కొత్త:
ఇవి మన దగ్గరికి తెప్పించుకోవచ్చా అండీ?

జవాబు (తేమగది):
వద్దండీ. బతికున్న పురుగుల్ని దేశంలోకి తేవాలంటే 2003 ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు కింద అనుమతి కావాలి, పెంచుకునే సరదాకి ఇచ్చేది కాదు. అమెరికా ఖండాల్లో ఇవి పంటలకి పెద్ద చీడ, తప్పించుకుంటే మన తోటలు ఏమవుతాయో ఆలోచించండి. ఫంగస్ సేద్యమే చూడాలనుకుంటే మన చెదపుట్టలున్నాయి. ఓడోంటోటెర్మిస్ చెదలు పుట్ట లోపల టెర్మిటోమైసిస్ అనే ఫంగస్‌ని పెంచుతాయి, తొలకరి వానలకి పుట్ట మీద మొలిచే గొడుగులు దానివే. పుట్టగొడుగు అన్న పేరు అక్కడిదే కదా.