మదర్‌బోర్డు మీది చిన్న ఫ్యాన్ గోల: బోర్డు మార్చాలా?

పొందూరు నుంచి ప్రశ్న: నాది డీటీపీ పని. నా కంప్యూటర్‌లో ఉన్నది 2020లో కొన్న ఎక్స్570 (ఏఎండీ చిప్‌సెట్ పేరు) మదర్‌బోర్డు. నెల రోజులుగా పొద్దున్న ఆన్ చెయ్యగానే కీర్‌మని అరుస్తోంది, అరగంటకి కాస్త తగ్గుతుంది. చిప్‌సెట్ (బోర్డు మీది భాగాల మధ్య డేటా నడిపే చిప్పు) వేడి 84 డిగ్రీలు చూపిస్తోంది. చూపిస్తే బోర్డు పోయింది, మార్చాల్సిందే అన్నారు. టెన్షన్‌గా ఉంది. ఇంకో మాట, మా ఇంట్లో ఖద్దరు పని. అమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతుంది, నా మిషను ఆ పక్కగదిలోనే.

విజయనగరం నుంచి జవాబు: జబ్బేంటో చివరి వాక్యంలో మీరే చెప్పేశారు తమ్ముడూ, ఆ పత్తి దూదే. చిప్‌సెట్ అరవదు, దాని మీది బుల్లి ఫ్యాన్ అరుస్తుంది. 2019లో వచ్చిన ఎక్స్570లో పీసీఐఈ 4.0 (గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీలకి డేటా వేగంగా పంపే దారి) వల్ల చిప్‌సెట్ వేడెక్కుతుందని దాదాపు అన్ని బోర్డులకీ ఫ్యాన్ పెట్టారు. 60, 70 డిగ్రీలకి కంగారక్కర్లేదు. 84 అంటే గాలి ఆడడం లేదనే.

ముందు అరిచేది అదేనా చూడండి. పక్క మూత తీసి, ఇయర్‌బడ్‌తో (చెవి శుభ్రం చేసుకునే దూదిపుల్ల) ఫ్యాన్ మధ్య బొడ్డుని రెండు సెకన్లు మెల్లగా ఆపండి. గోల ఆగితే దొరికినట్టే. తర్వాత ప్లగ్ పీకేసి, గ్రాఫిక్స్ కార్డు తీసి, ఫ్యాన్ మీది పైరేకు విప్పండి. దూది పొరలా పేరుకుని ఉంటుంది. బ్రష్‌తో తియ్యండి. బ్లోయర్ కొడితే మాత్రం రెక్కలు కదలకుండా పట్టుకోండి, లేకపోతే బేరింగ్ పాడవుతుంది.

శ్రీకాకుళం నుంచి: మేం ఒక చుక్క కొబ్బరినూనె వేసేస్తాం, చప్పుడు పోతుంది.

విజయనగరం: వద్దండి బాబూ! చలికాలం గడ్డకడుతుంది, పైగా దూదిని ఇంకా పట్టేస్తుంది. తప్పకపోతే కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క, ఫ్యాన్ మధ్యలోని స్టిక్కర్ కింద. అదీ కొన్నాళ్లే. పొద్దున్న అరిచి వేడెక్కాక తగ్గుతోందంటే బేరింగ్ ఎండిపోయినట్టే, చివరికి ఫ్యాన్ మార్చాలి. స్క్రూ రంధ్రాల మధ్య దూరం, మందం, వైరు కనెక్టరు కొలుచుకుని కొనండి, ఒక్కో బోర్డుకి ఒక్కోలా ఉంటాయి. ఫ్యాన్ పీకేసి వదిలెయ్యకండి, గ్రాఫిక్స్ కార్డు వేడి సరిగ్గా దాని నెత్తి మీదే పడుతుంది.

పొందూరు: ఇయర్‌బడ్ పెట్టగానే గోల ఆగిందండి. లోపల చిన్న దూదిపింజే ఉంది, అమ్మకి చూపిస్తే నవ్వింది. తుడిచాక 68కి దిగింది. చప్పుడు సగం ఉంది. ఫ్యాన్ ఆర్డర్ పెట్టాను, ఈలోగా బయోస్‌లో (బోర్డు సెట్టింగులు ఉండే చోట) ఫ్యాన్‌ని సైలెంట్‌లో, అంటే మెల్లగా తిరిగేలా పెట్టొచ్చా?

విజయనగరం: పెట్టండి. 80 దాటితే మళ్లీ మామూలుకి తెచ్చెయ్యండి. మిషను ఆ గది గోడకి దూరంగా, నేల మీంచి బల్ల మీదకి ఎక్కించండి.