ప్రియం, పిరం, చవక: గిరాకీ సూత్రం పేర్లకు పనిచేస్తుందా?

గిరాకీ పెరిగితే ధర పెరుగుతుంది కదా, పేర్లకూ మాటలకూ అదే లెక్కా అని నిన్న ఒకరు అడిగారు. నాకు వెంటనే తట్టింది ‘ప్రియం’ అన్న మాట. ఇష్టమైనదీ ప్రియమే, ధర మండిపోయేదీ ప్రియమే. ‘పెట్రోలు మరింత ప్రియం’ అని పేపర్లో చదివి, పెట్రోలు మీద ప్రేమ పెరిగిందని ఎవరూ అనుకోరు. తెలంగాణలో అదే ‘పిరం’ అయింది, అక్కడ దానికి ధర అర్థమే. పదిమందీ కోరుకుంటే ధర పెరుగుతుందని పాఠ్యపుస్తకం ఒక అధ్యాయమంతా చెప్పేది ఈ రెండక్షరాల్లోనే ఉంది. (ఆ పుస్తకాలేమో గిరాకీని వదిలేసి డిమాండ్ అంటాయి. సమ్మె చేసేవాళ్ళ డిమాండ్లతో కలిసిపోతుందన్న బెంగ కూడా లేదు!)

పేర్ల దగ్గర లెక్క తిరగబడుతుంది. పేరు అందరికీ ప్రియమైతే అది పిరం కాదు, చవకవుతుంది. పదిమందిలోంచి ఒకణ్ణి విడదీసి చూపడమే దాని పని. మా క్లాసులో ముగ్గురు శ్రీనివాసులుండేవాళ్ళు. పిలిస్తే మూడు తలలు లేచేవి. నెల తిరిగేసరికి పొడుగు శీను, కళ్ళజోడు శీను, ఉత్త శీను అయ్యారు. ఉత్త శీనుకు కళ్ళజోడు వచ్చిన రోజు మళ్ళీ గందరగోళం. ఎంతమంది పెట్టుకున్నా పేరుకు స్టాకు అయిపోదు, వచ్చిన చిక్కంతా అదే.

– మరి వెబ్‌సైట్ల పేర్లు లక్షలు పలుకుతున్నాయి కదండీ?

అక్కడ ఒక పేరు ఒక్కరికే అన్న నియమం ఉంది. కొరత పుట్టింది ఆ నియమం వల్లే. మూడు ఇంగ్లీషు అక్షరాలతో డాట్ కామ్ పేర్లు 26×26×26, అంటే 17,576. అంతకుమించి ఒక్కటి కూడా రాదు. నాలుగక్షరాలైతే 4,56,976. ఇంకో తమాషా: అంగ్విల్లా అనే చిన్న కరీబియన్ దీవికి దేశ సంకేతంగా ‘డాట్ ఏఐ’ దక్కింది. తర్వాత కృత్రిమ మేధ (ఇంగ్లీషులో ఏఐ) కంపెనీలు దానికోసం ఎగబడ్డాయి. ఆ రిజిస్ట్రేషన్ ఫీజులు ఇప్పుడు దీవి ప్రభుత్వానికి పెద్ద రాబడి. రెండక్షరాలు కలిసొచ్చాయంతే.

మామూలు మాటలకు అలాంటి కాపలా లేదు. ‘అద్భుతం’ నవరసాల్లో ఒకటి, మనిషి నోరు తెరుచుకుని నిలబడిపోయే స్థితి. ఇప్పుడు ప్రతి ఫొటో కిందా అదే. నిజంగా నోరు తెరవాల్సి వస్తే ‘అత్యద్భుతం’, అదీ చాలకపోతే ‘మహాద్భుతం’. ధరలు పెరిగాయని పెద్ద నోట్లు అచ్చేసినట్టు ఉంది. పాపం ‘ప్రియమైన’ గతి ఇంకా అన్యాయం. బిల్లు కట్టకపోతే కనెక్షన్ పీకేస్తామనే నోటీసు కూడా ‘ప్రియమైన వినియోగదారునికి’ అనే మొదలవుతుంది.

– ఆ నోటీసులో ప్రియం రెండో అర్థంలో వాడారేమోనండీ. మా బిల్లు చూస్తే నాకైతే అలాగే అనిపించింది.