"తడీపార్"ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ముంబయి గ్యాంగుల మీద వచ్చిన ఒక హిందీ సిరీస్‌కి తెలుగు డబ్బింగ్ మాటలు సరిచూస్తున్నాం. ఒక గూండా "దో సాల్ తడీపార్ థా" అంటాడు. రాతప్రతిలో ఒకచోట "వెలివేశారు" అని, ఇంకోచోట "పీడీ యాక్ట్ పెట్టారు" అని ఉంది. ఏది ఉంచాలి?

జవాబు: రెండూ తీసేయండి. వెలివేసేది కులమో, ఊరో. పోలీసులు కాదు. పీడీ యాక్ట్ అంటే అర్థమే తలకిందులవుతుంది. అది మనిషిని ఏడాది దాకా లోపల పెట్టే చట్టం, తడీపార్ మనిషిని కొంత గడువుదాకా ఊరి నుంచో జిల్లా నుంచో బయటికి పంపేసే ఉత్తర్వు. మరాఠీలో "తడ్" అంటే ఒడ్డు. ఒడ్డు దాటించడమే తడీపార్. మన "తడి"తో దీనికి చుట్టరికం లేదు.

1951 నాటి బాంబే పోలీస్ చట్టంలో (ఇప్పుడు మహారాష్ట్ర పోలీస్ చట్టం) 55, 56, 57 సెక్షన్లు దీనికి సంబంధించినవే. 55 ముఠాలకు, 57 ఇదివరకే శిక్షపడ్డవాళ్లకు. 56లో ఒక మెలిక ఉంది: సాక్షులు భయపడి బహిరంగంగా ముందుకు రావడం లేదని అధికారి నమ్మాలి. గడువు రెండేళ్లు దాటకూడదని 58 చెబుతుంది. కాబట్టి ఆ "దో సాల్" వట్టి మాట కాదు, పూర్తి గడువు. అనువాదంలో "కొన్నాళ్లు" చేసేయకండి.

మరో జవాబు: తెలుగులో స్థిరపడ్డ మాట "నగర బహిష్కరణ". 2018 జులైలో హైదరాబాద్ పోలీసులు ఒక సినీ విమర్శకుణ్ణి, ఒక స్వామీజీని ఆర్నెల్లపాటు నగరం బయటికి పంపించినప్పుడు పత్రికల్లో కనిపించిన మాట అదే. కానీ ముంబయి ఉత్తర్వు పక్క జిల్లాలకూ వర్తించవచ్చు. కథలో ఠాణే కూడా ఉంటే "నగర" తీసేసి ఉట్టి "బహిష్కరణ" అంటే సరిపోతుంది.

ఇది వార్తలు చదివేవాడికీ, డీసీపీ పాత్రకీ నప్పుతుంది. గూండా నోట మాత్రం అరువు మాటలా ఉంటుంది. పైగా క్లోజప్‌లో ప, బ, మ దగ్గర పెదవులు మూసుకోవాలి. "పార్" దగ్గర అతని పెదవులు కలుస్తాయి, "థా"తో నోరు తెరిచే ఉంటుంది. "రెండేళ్లు సిటీ బయటున్నా" అని చూడండి: "బ" ఆ చోటికి దగ్గరగా పడుతుంది, చివర "ఆ" కుదురుతుంది. అక్షరాలు ఆరుకి తొమ్మిది అవుతాయి కాబట్టి "రెండేళ్లు" గబగబా చెప్పించాలి.

ఇంకొక జవాబు: పై సూచన చాలా బాగుంది. దానికి ఒకటి చేర్చాలి. ఇన్‌స్పెక్టర్ "తడీపార్ కర్ దూంగా" అని బెదిరిస్తే "బహిష్కరిస్తా" అని రాయకండి. స్టేషన్ నుంచి వెళ్లేది ప్రతిపాదన మాత్రమే. కమిషనరేట్‌లో సాధారణంగా డీసీపీ నోటీసిచ్చి, అతని మాట విని, అప్పుడు ఉత్తర్వు ఇస్తాడు. ఇన్‌స్పెక్టర్ నోట "బహిష్కరణ పెట్టిస్తా" అనాలి. ఆ "ఇంచు" ప్రత్యయంతోనే ఎవరి అధికారం ఎంతో తెలిసిపోతుంది. ఇలాంటి సౌలభ్యం మన క్రియలోనే ఉండగా వాడుకోకపోవడం అన్యాయం.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. అదే సన్నివేశంలో "దస్ పేటీ" ఉంది. "పది పెట్టెలు" అని రాశారు.

జవాబు: పేటీ అంటే అక్కడ లక్ష, ఖోఖా అంటే కోటి. "పది లక్షలు" అనేయండి. పెట్టెలంటే ప్రేక్షకుడు తెర మీద సూట్‌కేసుల కోసం వెతుకుతాడు. "సుపారీ" మనకూ అలవాటైపోయింది, ఉంచండి. "హఫ్తా" దగ్గర జాగ్రత్త: ఉట్టి "మామూళ్లు" అంటే పోలీసులు తీసుకునేదనుకుంటారు. దుకాణాల దగ్గర గ్యాంగు వసూలు చేసేది "రౌడీ మామూలు".