వేడెక్కితే స్టార్ట్ కాని 1997 మారుతి 800: కార్బురేటర్ మార్చాల్సిందేనా?

లాలాగూడ_800:

అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1997 మారుతి 800 గురించి అడుగుతున్నాను. తెల్ల బండి, ఏపీ 10 నంబర్, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బురేటర్ ఉన్న మోడల్. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఇరవై ఏళ్లకు పైగా ఈ బండి మీద బయటి మెకానిక్ చెయ్యి పడలేదు. నాలుగేళ్ల నుంచి ఆయనకి చూపు బాగా తగ్గింది, బండి నా చేతికొచ్చింది. ప్లగ్గులు విప్పి శుభ్రం చేయడం, ఆయిల్ మార్చడం, బ్యాటరీ టెర్మినల్స్ గీకడం నాకు వచ్చు. అంతకు మించి రాదు.

పొద్దున చోక్ లాగి కొడితే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. వారానికి మూడుసార్లు అమ్మని మల్కాజ్‌గిరి నుంచి తార్నాకకి ఫిజియోథెరపీకి తీసుకెళ్తాను. వెళ్లేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. అక్కడ అరగంట ఎండలో ఉంచి తిరిగి బయల్దేరదామంటే స్టార్ట్ కాదు. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. ఒక్కోసారి అందుకున్నా, లాలాపేట బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో మెల్లగా కదులుతుంటే రెండు జెర్కులిచ్చి ఆగిపోతుంది. పోయిన మంగళవారం అలాగే ఆగింది. ముందు సీట్లో అమ్మ, వెనక హారన్లు. నాకు చేతులు వణికాయి. ఎవరో ఇద్దరు కాలేజీ అబ్బాయిలు వచ్చి పక్కకి తోసిపెట్టారు. బానెట్ ఎత్తి నలభై నిమిషాలు నిలబడ్డాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది.

ఫిబ్రవరి దాకా ఈ గొడవ లేదు. ఎండలు ముదిరాకే మొదలైంది.

ప్లగ్గులు మూడూ కొత్తవి వేశాను. ఎయిర్ ఫిల్టర్ మార్చాను. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి లోపల తుడిచాను. తేడా లేదు. ఒక షెడ్డులో చూపిస్తే కార్బురేటర్ అయిపోయింది, సెకండ్ హ్యాండ్‌ది వేయాలి, ఆరు వేలు అన్నారు. ఇంకోచోట "ఎందుకమ్మా ఇంకా, తుక్కుకి ఇచ్చేయండి" అన్నారు.

ఇవ్వలేను. మాది పాత సందు, గేటు అయిదున్నర అడుగులు. ఈ బండి వెడల్పు 1440 మిల్లీమీటర్లు, అందుకే లోపలికి వస్తుంది. మోకాళ్ల నొప్పితో అమ్మ సందు చివరిదాకా నడవలేదు. 2022లో ఆర్సీ అయిదేళ్లకి రెన్యువల్ చేయించాం, 2027లో మళ్లీ చేయించాలి. 20 ఏళ్లు దాటిన కార్లకి ఆ ఫీజు 2025లో పదివేలు చేశారు. అయినా కడతాను. బండి మాత్రం దారిలో ఆగకూడదు.

"పెట్రోలా, కరెంటా, ముందు అది తేల్చు" అంటున్నారు నాన్న. ఎలా తేల్చాలో ఎవరైనా చెబుతారా?

పద్మిని_137డి:

అమ్మా, ఆ ఆరు వేలు మీ దగ్గరే ఉంచండి. మీ నాన్నగారు అన్నదే సరైన మాట. ఇలాంటి జబ్బుకి బండి చల్లారాక షెడ్డుకి తీసుకెళ్తే ఎవరికీ ఏమీ దొరకదు. ఆగిపోయిన ఆ పది నిమిషాల్లోనే చూడాలి.

ఒక ప్లగ్ పానా, పాత తువ్వాలు, చెక్క పిడి ఉన్న పట్టకారు బండిలో పెట్టుకోండి. ఈసారి స్టార్ట్ కానప్పుడు ఊరికే సెల్ఫ్ కొడుతూ కూర్చోకండి, బ్యాటరీ కూడా పోతుంది. ఒక ప్లగ్గు విప్పి కొన చూడండి. తడిగా, పెట్రోల్ వాసనతో ఉంటే ఓవర్‌ఫ్లో అయినట్టు. ఇంజన్ ఆపాక పైకొచ్చే వేడికి కార్బురేటర్ గిన్నెలోని పెట్రోల్ మరిగి ఇంజన్‌లోకి దిగుతుంది. అలా అయితే యాక్సిలరేటర్ పూర్తిగా కిందికి తొక్కి, పంపు చేయకుండా అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. అందుకుంటుంది.

ప్లగ్గు పొడిగా ఉంటే దాన్ని వైరుకే తగిలించి, పట్టకారుతో పట్టుకుని, లోహపు భాగం ఇంజన్‌కి ఆనించి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. విప్పిన ప్లగ్గు రంధ్రానికి దూరంగా, దగ్గర్లో పెట్రోల్ తడి లేకుండా చూసుకుని చేయండి. నిప్పురవ్వ రాకపోతే ప్లగ్గుకి కరెంటు పంపే కాయిల్ వేడికి చచ్చిపోతూ ఉండొచ్చు, చల్లారాక మళ్లీ పనిచేస్తుంది. నీలంగా గట్టి రవ్వ వస్తే కరెంటు బాగున్నట్టే. పెట్రోల్ అందడం లేదు.

ఇంకో పని చేయండి. ట్యాంకుకీ పంపుకీ మధ్య ఉండే పెట్రోల్ ఫిల్టర్ లోపల కనబడే రకం దొరుకుతుంది, అది వేయించండి. ఏం జరుగుతోందో కళ్లకి కనిపిస్తుంది.

ఎల్బీనగర్_షెడ్డు:

మేడం, పదిహేనేళ్లుగా షెడ్డు నడుపుతున్నా. పైన పద్మిని పెద్దాయన చెప్పిన టెస్టు చేయకుండా ఏ సామానూ కొనకండి.

నా అనుమానం మాత్రం రబ్బర్ల మీద. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 1997లో వేసిన రబ్బరు దీన్ని చూసి చేసింది కాదు. ఇథనాల్‌కి పాత రబ్బరు మొదట ఉబ్బి మెత్తబడుతుంది, ఆరినప్పుడు గట్టిపడి పగులుతుంది. పైకి నల్లగా, నున్నగా బాగానే కనిపిస్తుంది. పంపు లోపల పెట్రోల్‌ని లాగే రబ్బరు పొర, డయాఫ్రమ్‌దీ అదే కథ. ఈ రెండేళ్లలో నా దగ్గరికొచ్చిన కార్బురేటర్ బండ్లలో చాలావాటికి కార్బురేటర్ తప్పే లేదు.

గొట్టాలు మార్చాల్సి వస్తే జాంబాగ్, పుత్లీబౌలి వైపు వెళ్లండి. పాత ముక్క చేత్తో పట్టుకెళ్లి లోపలి కొలత చూపించండి, నోటితో చెబితే ఏదో ఒకటి ఇస్తారు. గొట్టం మీదే ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని అచ్చేసి ఉంటుంది, అదే అడగండి. ఇథనాల్‌ని తట్టుకునే పొర లోపల ఉంటుంది. రేటు ఎక్కువే, కానీ మీకు కావాల్సింది మీటరు, మీటరున్నర. తక్కువలో వస్తుందని ప్లాస్టిక్ ట్యూబు మాత్రం ఇంజన్ దగ్గర వేయకండి. వేడికి మెత్తబడి జారిపోతుంది, కింద సైలెన్సర్ గొట్టం ఉంటుంది. బండి తగలబడేది అలాంటి చోటే.

ఇంకో మాట. ఎవరేం చెప్పినా ఒరిజినల్ కార్బురేటర్ చేజార్చుకోకండి. దానికి కిట్ దొరుకుతుంది, గ్యాస్కెట్లు, నీడిల్ వాల్వ్ అన్నీ వస్తాయి. విప్పినప్పుడు పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం, అదే జెట్టులో తీగ పెట్టి గుచ్చనివ్వకండి, రంధ్రం పెద్దదైతే మైలేజీ ఇక ఎప్పటికీ రాదు. సామాన్ల గురించి భయం వద్దు. మారుతి ఓమ్నీ వ్యానులో ఉన్నదీ ఇదే 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్, అది 2019 దాకా తయారైంది.

లాలాగూడ_800:

పద్మిని గారూ, షెడ్డు అన్నా, మీ ఇద్దరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బుధవారం లోపల కనబడే ఫిల్టర్ వేయించాను. గురువారం తార్నాకలో అనుకున్నట్టే మొరాయించింది. అమ్మని లోపల ఫ్యాను కింద కూర్చోబెట్టి ప్లగ్గు విప్పాను. పొడిగా ఉంది, వాసన కూడా లేదు. పక్కన ఆటో అన్న సెల్ఫ్ కొడితే నిప్పురవ్వ నీలంగా టిక్ టిక్‌మని పడింది. ఫిల్టర్ చూస్తే అడుగున వేలెడు పెట్రోల్ ఉంది, పైనంతా ఖాళీ. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా సోడాలో లేచినట్టు సన్నటి బుడగలు.

ఇంటికొచ్చి చెబితే నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "బుడగలు ఎటు నుంచి వస్తున్నాయి?" నేను చూడలేదు. శనివారం ఇంట్లోనే అరగంట ఇంజన్ నడిపి మళ్లీ చూశాను. ట్యాంకు వైపు నుంచే వస్తున్నాయి. అంటే ఫిల్టర్‌కి రాకముందే గాలి కలుస్తోంది.

ఆదివారం పొద్దున్నే ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు గేటు బార్లా తీసి, బ్యాటరీ నెగటివ్ విప్పి, పక్కన బకెట్ ఇసుక పెట్టుకున్నాం. నాన్న ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ముందు చక్రం దగ్గర కూర్చున్నారు. బాడీ కింద నుంచి వచ్చే ఇనుప పైపుకీ ఫిల్టర్‌కీ మధ్య జానెడు రబ్బరు గొట్టం ఉంది. అది ఊడదీసి నాన్న చేతికిచ్చాను. నాకైతే అది బాగానే ఉంది. ఆయన ఈ చివర నుంచి ఆ చివరకి వేళ్ల మధ్య మెల్లగా జార్చుకుంటూ వచ్చారు. చేతులకి నల్లగా మసి అంటింది. "ఇదే చెడ్డ గుర్తు" అన్నారు. తర్వాత ఇనుప పైపుకి తొడిగే చివర, క్లిప్పు బిగించిన గాడి దగ్గర కొంచెం వంచి, బొటనవేలి గోరుతో గీశారు. గోరు చిన్నగా తట్టుకుంది. "ఇక్కడ చూడు" అన్నారు.

ఫోన్ లైటు వేసి చూశాను. క్లిప్పు కింద దాక్కుని, వెంట్రుకంత సన్నగా నాలుగైదు పగుళ్లు. ఒక చివర వేలితో మూసి, రెండో చివర సైకిల్ పంపు పెట్టి, నీళ్ల గిన్నెలో ముంచి గాలి కొట్టాను. అచ్చం ఫిల్టర్‌లో చూసిన బుడగలే. రెండు నెలల నుంచి నేను ఆ క్లిప్పు పక్కనే చెయ్యి పెట్టి ఎయిర్ ఫిల్టర్ విప్పుతున్నాను.

ఒక సంగతి మాత్రం అర్థం కాలేదు. అన్ని పగుళ్లున్నా కింద ఒక్క చుక్క పెట్రోల్ కారలేదు, వాసన కూడా రాలేదు. ఎందుకని?

పద్మిని_137డి:

మీ నాన్నగారి చేతికి దండం పెట్టాలమ్మా.

అది పీల్చే వైపు గొట్టం. పంపు ట్యాంకు నుంచి లాగుతుంది కాబట్టి ఆ గొట్టంలో బయటి కన్నా ఒత్తిడి తక్కువ. పగులుంటే పెట్రోల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. పంపు దాటాక ఉన్న గొట్టం పగిలితే కారుతుంది, వాసనొస్తుంది, వెంటనే తెలుస్తుంది. పీల్చే వైపుది ఎవరికీ దొరకదు.

చలికాలంలో ఎందుకు ఇబ్బంది లేదంటే, కాస్త గాలి కలిసినా పంపు నెట్టుకొస్తుంది. ఎండాకాలం సంగతి వేరు. పెట్రోల్‌లో తేలిక భాగాలు నలభై డిగ్రీల లోపే మరగడం మొదలుపెడతాయి. బయటే నలభై ఉన్నప్పుడు బానెట్ కింద ఎంతుంటుందో మీరే ఆలోచించండి. పగులు నుంచి వచ్చే గాలికి ఈ ఆవిరి తోడైతే పంపు చేతులెత్తేస్తుంది. అది ద్రవాన్ని తోస్తుంది గానీ ఆవిరిని తోయలేదు. మీరు నలభై నిమిషాలు ఆగితే ఆవిరి మళ్లీ పెట్రోల్‌గా మారింది, బండి కదిలింది.

కూకట్‌పల్లి_ఓమ్నీ:

అక్కా, ఒక్క గొట్టం మార్చి వదిలేయకండి. పంపుకి వచ్చేది, కార్బురేటర్‌కి పోయేది, ట్యాంకుకి వెనక్కి పోయే రిటర్న్‌ది, మూడూ ఒకే వయసువి. రిటర్న్ గొట్టం ఎక్కడా నలిగి ఉండకూడదు, లోపల పుట్టిన ఆవిరి వెనక్కి పోయే దారి అదే. క్లిప్పులు కొత్తవి వేయండి, రబ్బరు తెగేంత బిగించకండి. మీ పగుళ్లు క్లిప్పు కిందే వచ్చాయంటే ఎవరో బలమంతా చూపించి ఉంటారు. నేను నా ఓమ్నీలో మీటరు గొట్టం, రెండు క్లిప్పులు, ఒక స్క్రూడ్రైవర్ స్టెప్నీ పక్కనే ఉంచుకుంటా.

రేడియేటర్‌లో ఏం పోస్తున్నారు? బోరు నీళ్లయితే మానేయండి. మన దగ్గర బోరు నీళ్లలో ఉప్పెక్కువ, లోపల సున్నంలా పట్టేస్తుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి. బానెట్ కింద వేడి తగ్గితే పెట్రోల్ గొడవ కూడా తగ్గుతుంది.

లాలాగూడ_800:

మూడు గొట్టాలూ మార్చాను, ఆరు కొత్త క్లిప్పులు వేశాను. పుత్లీబౌలిలో మూడో షాపులో షెడ్డు అన్న చెప్పిన అచ్చున్న గొట్టం దొరికింది. మొత్తం ఖర్చు వెయ్యి లోపే. క్లిప్పులు నేను బిగించాక నాన్న ఒక్కొక్కటీ తడిమి చూసి, ఒకటి మాత్రం సగం చుట్టు వదులు చేయించారు. రేడియేటర్‌లో ఇన్నాళ్లూ బోరు నీళ్లే పోశాను, నిన్న కడిగించి కూలెంట్ పోయించాను.

ఈ రోజు మధ్యాహ్నం తార్నాకలో కావాలనే నీడ వదిలేసి, ఎండలో అరగంట పెట్టాను. ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది. లాలాపేట బ్రిడ్జి మీద పావుగంట ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా ఎక్కడా జెర్కు లేదు. ఫిల్టర్ నిండుగా ఉంది, ఒక్క బుడగ లేదు. నాన్నకి ఫోన్ చేస్తే ఇంజన్ చప్పుడు వినిపించమన్నారు. బానెట్ ఎత్తి ఫోను దగ్గరగా పెట్టాను. కాసేపు విని, "పెట్రోల్ బాగుంది. ఒక ట్యాపెట్ కొట్టుకుంటోంది, చూడాలి" అన్నారు.

వాల్వుల దగ్గర ఉండే ఈ ట్యాపెట్ గ్యాప్ ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు చూడాలా, చల్లగా ఉన్నప్పుడా? ఆ సందు కొలిచే రేకులు, ఫీలర్ గేజ్, నాన్న పెట్టెలో ఉంది గానీ దాని మీద అంకెలు చెరిగిపోయాయి.

ఎల్బీనగర్_షెడ్డు:

వేడికి ఒక కొలత, చల్లకి ఒక కొలత ఉంటాయి మేడం. ఇంట్లో చేసుకునేవాళ్లకి చల్లగా ఉన్నప్పుడే మేలు, తొందర ఉండదు, చేతులు కాలవు. చప్పుడు పోవాలని మరీ దగ్గరగా మాత్రం బిగించకండి. కొట్టుకునే ట్యాపెట్ చప్పుడే చేస్తుంది, బిగుసుకున్న ట్యాపెట్ వాల్వుని కాల్చేస్తుంది.

అంకెలు లేని గేజ్‌తో వద్దు, నా దగ్గర కొత్తది ఉంది. ఆదివారం షెడ్డు ఖాళీగానే ఉంటుంది. నాన్నగారిని కూడా తీసుకురండి, ఏ ట్యాపెటో ఆయన చెవికే తెలిసింది కదా. బండి శనివారం రాత్రే తెచ్చి పెట్టండి, తెల్లారేసరికి చల్లబడి ఉంటుంది.