సున్నపురాయి నేలలో ఇల్లు: అడుగున డొల్ల ఉందని ఎలా తెలుస్తుంది?

గోదావరి ఒడ్డు:
మంచిర్యాల శివారులో 200 గజాల స్థలం కొన్నాను. వెడల్పు 30 అడుగులు, పొడవు 60. పైన నల్లరేగడి. పోయిన వేసవిలో పక్క చేనులో బోరు వేస్తుంటే 40 అడుగుల దగ్గర రాడ్డు ఉన్నట్టుండి జారిందట. ఈ వానాకాలంలో ఆ బోరుకు పది గజాల దూరంలో నేల బండి చక్రమంత గుండ్రంగా కుంగింది. నిన్న రెండు బిందెల నీళ్ళు పోసి చూశాను. నిలవలేదు. అంచు మట్టి కూడా నీళ్ళతోపాటే లోపలికి జారిపోయింది. నేలలోకి తరంగాలు పంపే రాడార్‌తో చూస్తే అంతా తెలిసిపోతుందని ఒకాయన అంటున్నాడు. అమ్మ మాత్రం స్థలం వదిలేయమంటోంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బోరు బండి:
పద్నాలుగేళ్ళుగా రిగ్గు మీద ఉన్నాను అన్నా. రాడ్డు జారడం ఒక్కటే చూడకండి. రాయిలో దిగుతున్నంతసేపు సుత్తి దెబ్బ గట్టిగా వినిపిస్తుంది, పొడి పైకి ఎగజిమ్ముతుంది. డొల్ల తగిలితే ఆ చప్పుడు మారిపోతుంది. కంప్రెసర్ గాలి పక్క సందుల్లోకి పోయి పొడి రావడం ఆగిపోతుంది. రాడ్లు బయటికి తీశాక బిట్టుకు, అంటే రాయిని తొలిచే మొనకు, ఎర్రమట్టి జిగురుగా అంటుకుని ఉంటే అది మట్టి నిండిన డొల్ల. ఇవన్నీ చేను యజమానికి గుర్తుండవు. బోరు వేసిన ఆపరేటర్‌ని వెతికి అడగండి.

రాళ్ళ మాస్టారు:
మా హనుమకొండ చుట్టూ ఎక్కువగా గ్రానైటు, నైస్ రాళ్ళే. అవి నీటికి ఇలా కరగవు. మీ వైపు వేరు. పాఖాల చెరువు పేరు పెట్టుకున్న పాఖాల శిలల్లో సున్నపురాయి, డోలమైట్ ఉన్నాయి. ఆదిలాబాద్ వైపు పెన్‌గంగ సున్నపురాయి ఉంది. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలచని ఆమ్లమై ఈ రాతి పగుళ్ళను కరిగిస్తుంది. మన బెలుం గుహలు, గుర్తించిన పొడవే 3,229 మీటర్లు, సున్నపురాయిని నీరు తొలిచినవే.

అయితే రాయి అలా కరగడానికి వేల ఏళ్ళు పడుతుంది. ఒక్క వానాకాలంలో కుంగేది రాయి కాదు, దాని మీది మట్టి. బోర్లు తోడేసి నీటిమట్టం దిగిపోతే ఆ మట్టికి అడుగు ఆసరా పోతుంది. తర్వాత పెద్ద వాన పడితే అది కొద్దికొద్దిగా పగుళ్ళలోకి జారి, పైన కప్పు మాత్రం మిగులుతుంది. ఒకరోజు ఆ కప్పూ కూలుతుంది. 2015 చివర భారీ వానల తర్వాత కడప జిల్లా చింతకొమ్మదిన్నె మండలంలో ఇలాంటి గుంతలే పడ్డాయి. ముందు రాయి ఏదో తేల్చుకోండి. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే సున్నపురాయి వెంటనే పొంగుతుంది, డోలమైట్ అయితే పొడి చేస్తేనే.

గోదావరి ఒడ్డు:
చుక్క పడగానే బుసబుస పొంగింది మాస్టారూ. ఆపరేటర్ కూడా దొరికాడు. బిట్టుకు ఎర్రమట్టి పట్టిందన్నాడు.

సర్వే మనిషి:
అయితే రాడార్ మీద డబ్బు పోయకండి. నల్లరేగడిలో ఆ తరంగాలు మీటరు, రెండు మీటర్లలోనే ఇంకిపోతాయి. ఇసుక నేలలో అది బాగా పనిచేస్తుంది, మీ నేలలో కాదు. మీకు రెసిస్టివిటీ సర్వే నయం. నేలలో వరుసగా మేకులు దించి కరెంటు పంపి ఎక్కడ ఎంత నిరోధం ఉందో చూస్తారు. గట్టి సున్నపురాయిలో నిరోధం ఎక్కువ. గాలి డొల్లలో ఇంకా ఎక్కువ. తడి మట్టి నిండితే మాత్రం బాగా పడిపోతుంది. బిట్టుకు అంటిన మట్టి సంగతి అందుకే అంత ముఖ్యం.

అసలు చిక్కు మీ స్థలం పొడవు. మేకుల వరుస పొడవులో సుమారు ఐదో వంతు లోతు వరకే నమ్మదగిన బొమ్మ వస్తుంది. 60 అడుగుల వరుసకు 12 అడుగులు. 40 అడుగుల లోతు చూడాలంటే వరుస 200 అడుగులు దాటాలి. పక్క చేను వాళ్ళను అడగక తప్పదు.

డొల్ల మీద భూమి ఆకర్షణ ఎంత తగ్గిందో కొలిచే గురుత్వ సర్వే అని ఎవరైనా చెప్పినా వద్దు, ఆ తేడా మరీ చిన్నది. 5 మీటర్ల లోతున 2 మీటర్ల వ్యాసార్థం ఉన్న ఖాళీ గుహ వల్ల గురుత్వం తగ్గేది సుమారు 23 మైక్రోగాల్, అంటే మామూలు గురుత్వంలో నాలుగు కోట్లలో ఒక వంతు. లోతు రెట్టింపయితే అందులో పావే మిగులుతుంది.

హనుమకొండ సివిల్:
గ్రానైటు నేలలోనూ కుంగడం చూశాను. ఒక ఇంటి వరండా కింద తవ్వితే ఎప్పుడో పూడ్చేసిన చేదబావి బయటపడింది, రాతి ఒర చెక్కుచెదరలేదు. మీ చుట్టుపక్కల పెద్దవాళ్ళను పాత బావుల గురించి కూడా అడగండి. ఇంకో మాట, నాలుగు మూలల్లో నాలుగు బోర్లు వేసి సరిపోయిందనుకోవద్దు. రెండు మీటర్ల డొల్ల వాటి మధ్య తప్పించుకుంటుంది. ముందు సర్వే, ఆ తర్వాత అనుమానమున్న చోట బోరు.

గోదావరి ఒడ్డు (నాలుగు నెలల తర్వాత):
పత్తి ఏరడం అయ్యాక పక్క చేను మీదుగా 240 అడుగుల వరుస వేయించాం. మా ఈశాన్య మూల కింద నిరోధం పడిపోయింది. అక్కడ బోరు వేస్తే 31 నుంచి 37 అడుగుల వరకు ఎర్రమట్టి. నైరుతిలో వేసిన రెండు బోర్లలోనూ గట్టి రాయే. ఇంటిని అటు జరుపుతున్నాం, ఇంజినీరు గారు ర్యాఫ్ట్ పునాది, అంటే ఇల్లంతటి కింద ఒకే కాంక్రీటు పలక, వేయమన్నారు. అమ్మ ఒప్పుకుంది. వాస్తు ప్రకారం ఇంకుడు గుంతకు ఈశాన్యంలో ముగ్గు పోశాం. ఉంచవచ్చా?

సర్వే మనిషి:
వద్దండీ, దయచేసి వద్దు. గ్రానైటు నేలలో ఇంకుడు గుంత నేనే దగ్గరుండి తవ్విస్తాను. మీ నేలలో ఇంటి పైకప్పు మీది వాన నీళ్ళన్నీ ఒక్కచోట దింపితే మట్టిని పగుళ్ళలోకి మీరే కడిగినట్టు. గొట్టంతో రోడ్డు కాలువ దాకా పంపండి. సెప్టిక్ ట్యాంకు నీళ్ళనూ అక్కడ నేలలోకి ఇంకనివ్వకండి. పక్క చేనులోని గుంతను ఊరికే మట్టితో నింపితే మళ్ళీ జారుతుంది. అడుగున పెద్ద రాళ్ళు, పైన కంకర, ఆపైన ఇసుక, చివర బంకమట్టి వేసి గట్టిగా దిమ్మిస కొట్టించమని ఆ రైతుకు చెప్పండి. వాన నీరు అటు రాకుండా చుట్టూ కట్ట కూడా వేయాలి, ఈ వానలు మొదలు కాకముందే.